మా వదిన నిండు మనిషి

మా వదిన పోయిన మంగళవారం పొద్దున్న చనిపోయింది. పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున ఉన్న మా బాంబూఫ్లాట్ బజారులో తన పీట మీద చేపలు పరిచి, నీళ్ళు చిలకరిస్తూ, పక్కన కూరగాయలమ్మే బెంగాలీ ఆవిడతో ఏదో పరాచికమాడుతూ అలాగే ఒక వైపుకి ఒరిగిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ఫోను వచ్చేసరికి నేను దేవుడి దగ్గర ఉన్నాను. దీపం వెలిగించి, దణ్ణం పెట్టుకుని, చీర మార్చుకుని వెళ్ళాను.

నేను వెళ్ళేసరికే మా అన్నయ్య ఇంటి ముందు జనం ఉన్నారు. గుమ్మం దాటుతుండగా వెనక ఎవరో ఆడమనిషి గొంతు తగ్గించకుండానే అంటోంది.

"గుండెకాయ మీద అంతేసి మాంసం తెచ్చి పెట్టుకుంటే ఆగిపోదేటి మరి?"

ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం ఆ మాటే. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. మా ఇంట్లో నా గొంతు పక్కగదిలోకి కూడా వినపడదని మా ఆయన అంటుంటారు. అందుకే రాస్తున్నాను. చదివేటప్పుడు ఎవరూ మధ్యలో అడ్డు రాలేరు కదా.

మా వదినకి కొన్నేళ్ళ క్రితం రొమ్ములో కేన్సరు వచ్చింది. ఎడమ రొమ్ము తీసేశారు. తరవాత ఆవిడ ఇష్టపడి, పట్టుబట్టి, దాని స్థానంలో మళ్ళీ రొమ్ము కట్టించుకుంది. మన దీవుల్లో మనవాళ్ళు దీన్ని "ఆ ఆపరేషను" అంటారు. లేకపోతే కళ్ళతో చూపించి ఊరుకుంటారు. శుక్రవారం శుక్రవారం అమ్మవారి ముందు కూర్చుని ఆవిడ స్తనాలను మేరుపర్వతాలతో, బంగారు కుండలతో పోలుస్తూ గొంతెత్తి స్తోత్రాలు చదువుతాం. అప్పుడు లేని సిగ్గు ఒక మనిషి జబ్బు గురించి చెప్పేటప్పుడు మనకెక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదు. నేను మాత్రం ఆ మాట రాస్తాను. అమ్మవారు ఏమీ అనుకోదు.

వదిన మా ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నేను బడికి వెళ్ళే పిల్లని. మా నాన్న, సర్కారు ఈ దీవుల్లో మనుషుల్ని తెచ్చి నిలబెట్టిన సెటిల్‌మెంట్ రోజుల్లో, శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. కొడుక్కి పిల్లని మాత్రం అక్కడి నుంచే తెచ్చాడు. ఓడ మీద దారి పొడుగునా వాంతులు చేసుకుని, హేడో రేవులో దిగి, మళ్ళీ పడవెక్కి ఇవతలికి వచ్చి, మా వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ ఆవిడ అన్న మొదటి మాట నాకు గుర్తుంది.

"మా ఊరి సముద్రమూ ఇదే గదా. మరి అక్కడెప్పుడూ నన్నిలాగ తిప్పలేదు!"

మా అమ్మ అప్పటికే లేదు. నాకు తలదువ్వడం, జడలు వెయ్యడం, నెలసరి వస్తే ఏం చెయ్యాలో చెప్పడం అన్నీ ఆవిడే. పదో తరగతి కాగానే చదువు చాలన్నాడు నాన్న. కొత్తకోడలు, మావగారి ఎదుట నిలబడని రోజులు. తలుపు చాటు నుంచే అంది. "పిల్ల సదువుకోనీ మావా. ఇంట్లో ఒకరికైనా బోర్డులు సదవడం రావాలి. మనం ఓడ తప్పి ఇంకో ఓడెక్కీకండా." నాన్న నవ్వేశాడు. ఆ నవ్వుతో నేను పన్నెండు దాకా చదివాను. ఈవేళ ఈ అక్షరాలు రాయగలుగుతున్నానంటే అది తలుపు చాటు నుంచి వచ్చిన మాట.

అన్నయ్యకి డెంగీ, అంటే చిన్న మోటారు పడవ ఉండేది. అతను పట్టుకొచ్చిన చేపలు వదిన అమ్మేది. తెలుగు, హిందీ, బెంగాలీ, తమిళం నాలుగూ కలిపి బేరమాడేది. ఎవరైనా మొప్ప ఎత్తి చూసి "దీదీ, తాజా హై క్యా?" అని అడిగితే "ముఝ్‌సే జ్యాదా తాజా హై, భయ్యా, నాకంటే తాజా. నాకు మూడు కాన్పులయినాయి, దీనికి ఒక్కటీ అవలేదు" అనేది. అర్థం అయినవాళ్ళూ నవ్వేవాళ్ళు, కానివాళ్ళూ నవ్వేవాళ్ళు.

గంగమ్మ పండగకి ఘటం ఎత్తడం మాత్రం ఆవిడకి నవ్వులాట కాదు. మన ఒడ్డువాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు ఊరి గుడి దగ్గర మట్టి మూటకట్టి తెచ్చుకుని, ఇక్కడ ఒడ్డున పోసి, దాని మీద అమ్మవారిని నిలబెట్టుకున్నారు. ఏడాదికోసారి ముత్తయిదువలు పసుపు నీళ్ళ ఘటాలు తల మీద పెట్టుకుని గుడి నుంచి సముద్రం దాకా నడుస్తారు. వదిన ఘటం ఎప్పుడూ ముందు వరసలో ఉండేది. ముందురోజు నుంచీ ఉపవాసం. చెయ్యి పట్టకుండా నడిచేది. నీళ్ళు తొణికేవి కావు. ఏడాది పొడుగునా గలగలమనే మనిషి ఆ కాస్త దూరం పెదవి విప్పేది కాదు. ఒకసారి అడిగాను, అంతసేపు ఏమనుకుంటావు వదినా అని. "ఏటనుకుంటాను? అమ్మోరు నా మీద కూకుంది, నాను కదిలితే ఆవిడ పడిపోద్ది అనుకుంటాను" అంది. నేను ఇన్నేళ్ళుగా పూజలు చేస్తున్నాను. అంతకంటే గొప్ప ధ్యానం నాకు ఎవరూ చెప్పలేదు.

గడ్డ ఉందని ఆవిడ మొదట నాకే చూపించింది, మా పెరట్లో, బట్టలు ఆరేస్తూ. చెయ్యి పెట్టి చూశాను. గోలీకాయలా తగిలింది. మర్నాడే అవతలికి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాం. అక్కడి నుంచి చెన్నై పంపారు. అన్నయ్య, నేను, వదిన. అక్కడి డాక్టరమ్మ మంచిదే. కానీ కుర్చీలో ఎదురుగా రోగి కూర్చుని ఉంటే పక్కనున్న మగవాడి వైపు చూసి మాట్లాడింది. "మీ ఆవిడకి తీసేయాలి" అంది. అన్నయ్య "తీసేయండి మేడమ్, ప్రాణం దక్కితే చాలు" అన్నాడు. వదిన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. అదేదో మూడో మనిషి సంగతి అన్నట్టు జరిగిపోయింది.

ప్రాణం దక్కింది. జుట్టు ఊడి, నల్లబడి, సగమై తిరిగొచ్చింది. జుట్టు మళ్ళీ మొలిచింది, బజారుకి మళ్ళీ వెళ్ళింది. జాకెట్టు ఎడమవైపు ఖాళీగా ఉండకూడదని గుడ్డసంచి కుట్టుకుని, బరువు సమంగా ఉండడానికి అందులో బియ్యం పోసుకుంది. మన ఉక్కకి, ఆ చెమటకి కొన్నాళ్ళకే అది లుకలుకలాడింది. మా ఇంటికొచ్చి సంచి విప్పి బల్ల మీద గుమ్మరించింది. పురుగులు.

"సూడు పిల్లా! ఒకపాలి ఒంట్లో పురుగు, ఇంకోపాలి సంచిలో పురుగు. ఈ ఎడం పక్కకేటి రోగమో!"

నవ్వడం మొదలెట్టింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆవిడ బల్ల మీద తల పెట్టేసింది. వీపు అదురుతోంది. నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు.

ఆ ఏడు గంగమ్మ పండగకి ఉపవాసం ఉంది. కొత్త చీర కట్టుకుంది. ఘటాల దగ్గర గుడి పనులు చూసే పెద్దావిడ, మాకు వరసకి అత్త, చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకు వద్దులేవే అమ్మా. తప్పు పట్టుకోకు. పెచ్చు లేచిపోయిన కుండ ఘటానికి పెట్టం కదా. అంగలోపం ఉన్నోళ్ళు ఎత్తకూడదు. ఊరికి అరిష్టం."

పెచ్చు లేచిపోయిన కుండ. కుండకి పెట్టుకున్న నియమాన్ని తీసుకొచ్చి మనిషికి పెట్టారు. నాకు తెలిసిన ఏ పూజ పుస్తకంలోనూ అలా లేదు. నేను ఆ మాట అక్కడే అన్నాను. డప్పుల చప్పుడులో నా గొంతు ఎవరికి వినపడుతుంది? పక్కన అన్నయ్య ఉన్నాడు. అతని గొంతు అందరికీ వినపడుతుంది. అతనేమన్నాడో తెలుసా? "పోనీలే అత్తా, ఆవిడకి ఓపిక కూడా లేదు" అన్నాడు. ఆవిడకి ఓపిక ఉంది. కొబ్బరికాయలు మోసుకొచ్చింది ఆవిడే. వదిన చెంగుతో ముఖం తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత చెన్నైలో పరీక్షలకి వెళ్ళినప్పుడు ఇంకో డాక్టరమ్మ, వయసులో చిన్నది, చెప్పింది, కావాలంటే మళ్ళీ కట్టొచ్చని. వీపు మీద నుంచి చర్మం, కండ తీసి, రక్తనాళం తెగకుండా చంక కింద నుంచి ముందుకి తిప్పి తెచ్చి రొమ్ములా కుడతారట. వదిన కళ్ళు పెద్దవి చేసుకుని వింది. ఆవిడ నోరు తెరిచేలోగా అన్నయ్య జవాబు చెప్పాడు.

"ఎందుకు మేడమ్, ఈ వయసులో? మనవలున్నారు."

ఆ "ఎందుకు" మా ఊరు వచ్చేసరికి "ఎవరికోసం" అయింది. ఎంతమంది అడిగారో! మొగుడు అడగలేదట, మరి ఎవరికోసం? చీర కప్పేస్తే కనపడదు, ఎవరికోసం? పళ్ళు ఊడితే కట్టించుకున్న పెద్దమనుషులే అడిగారు. ఎవరూ వాళ్ళని ఎవరికోసం అని అడగలేదు. బట్టతలకి రంగుటోపీ పెట్టుకు తిరిగే ఆయన కూడా మా వదినని ఎవరికోసం అన్నాడు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వదిన వాళ్ళకి జవాబు చెప్పలేదు. అన్నయ్యకి మాత్రం అన్నం పెడుతూ చెప్పింది. నేనక్కడే ఉన్నాను.

"నా ఈపు, నా గుండె. మద్దిన నీ పర్మిసన్ ఏటి మావా? పులుసు పొయ్యనా?"

అన్నయ్య పులుసు పోయించుకున్నాడు. మాతో చెన్నై కూడా వచ్చాడు. కుర్చీలో పక్కన కూర్చుని ఆవిడ తరఫున జవాబులు చెప్పడం మాత్రం మానలేదు.

ఆపరేషను తరవాత ఆవిడ బాధ నేను చూశాను, కాబట్టి తేలిక అని రాయను. గొట్టాలు, కట్లు, వెల్లకిలా పడుకోలేదు, బోర్లా పడుకోలేదు. ఎడమ చెయ్యి ఎత్తడానికి నెలలు పట్టింది. కానీ మొదటిసారి కట్టు విప్పి అద్దం ఇచ్చినప్పుడు చాలాసేపు చూసుకుంది. కుట్లు ఎర్రగా, వాపుగా ఉన్నాయి. వీపు చర్మం రంగు వేరు కాబట్టి మధ్యలో ఆకు ఆకారంలో ఒక మచ్చ. నర్సు భయపడుతూ నిలబడింది, ఈవిడ ఏడుస్తుందేమో అని.

"బాగా నల్లగా ఉందే," అంది వదిన. "ఎండలో తిరిగిన సరుకు గదా."

ఇంటికొచ్చాక ఒకరోజు చేప కోస్తూ నన్ను కేకేసింది. "ఒసే పిల్లా, ఇటురా, ఇటురా. ఇది సూడు." కత్తి నొక్కినప్పుడల్లా జాకెట్టులో ఎడమ రొమ్ము ఎగురుతోంది. అది వీపు కండ కదా, చెయ్యి బలం పెడితే బిగుసుకుంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. వదినకి అది పెద్ద వేడుక అయిపోయింది.

"ఇది ఇంకా ఈపునే ఉన్నాననుకుంటోంది! అచ్చం మీ నాన్నే. ఇక్కడికొచ్చి ఇల్లు కట్టి, పిల్లల్ని కని, సచ్చీదాకా ఊళ్ళోనే ఉన్నాననుకునీవోడు. ఇదీ సెటిలరే, పిల్లా. అక్కడ తవ్వి ఇక్కడ నాటినారు. ఏరు పట్టింది. బుద్ది పట్టడానికి టైము పడద్ది."

ఆ తరవాత దాన్ని ఆవిడ "మా సెటిలరు" అనే పిలిచేది. జ్వరం వస్తే "మా సెటిలరుకి సలేస్తోంది" అనేది.

కొన్నాళ్ళకి మళ్ళీ పరీక్షలకి వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో ఒక చదువుకునే అమ్మాయి వచ్చి కూర్చుంది. ఇలాంటి ఆపరేషను చేయించుకున్నవాళ్ళు ఎంత తృప్తిగా ఉన్నారో తెలుసుకుంటున్నారట. హిందీలో అడిగింది. అన్నయ్య వెంటనే "సాటిస్‌ఫైడ్ మేడమ్, ఫుల్ సాటిస్‌ఫైడ్" అన్నాడు.

వదిన అతని వైపు తిరిగింది. ఆ గదిలో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు.

"నీకు కుట్టినారేటి?"

అందరూ నవ్వారు. అన్నయ్య లేచి నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళిపోయాడు. ఆ పిల్ల అప్పుడు కుర్చీ వదినకి దగ్గరగా జరుపుకుంది. బేరాల హిందీ ఆ మాటలకి చాలక వదిన తెలుగులో చెప్పింది, నేను హిందీలో చెప్పాను. ఆవిడ మాటలు నేను మరిచిపోలేదు, ఎందుకంటే నా నోటితో ఇంకోసారి చెప్పాను కాబట్టి.

"బాగుందా అంటే బాగులేదమ్మా. దానిజోడు ఇది కాదు. పిల్లలు పాలు తాగిన సోటు పోయింది, అది మళ్ళీ రాదు. గిల్లితే తెలీదు. వేడినీళ్ళు పడినా తెలీదు. అద్దంలో సూసుకుంటే ఇంకా ఎవరో సుట్టం వొచ్చినట్టే ఉంటాది. గానీ తృప్తిగా ఉందా అంటే ఉంది. మొదట్లో తీసినప్పుడు నన్నెవరూ అడగలేదు. ఇది నాను అడిగి సేయించుకున్నాను. బజారులో వంగితే సంచీ జారిపోద్దేమో అని సూసుకోను. సేపని సూస్తాను. అదీ నా తృప్తి. ఇంకా తక్కువా ఎక్కువా అంటే నాకు తెల్దు."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "ఇంత మంచిగా ఎవరూ చెప్పలేదు, అమ్మా" అంది. వదిన నాతో అంది, "ఇంత మంచిగా ఎవులూ అడగలేదని సెప్పు." చెప్పాను.

పరాయి ఊరిపిల్ల, పేరైనా తెలియదు, అడిగింది. మనం అడగలేదు. గుళ్ళో పక్కపక్కన కూర్చుని ప్రసాదం తినేవాళ్ళం, అడగలేదు. "నొప్పి తగ్గిందా" అన్నాం, "ఎవరికోసం" అన్నాం. నీకెలా ఉంది అని ఒక్కరూ అడగలేదు.

తరవాతి పండగకి మళ్ళీ ఉపవాసం ఉంది. ఈసారి నేనూ పక్కనే నిలబడ్డాను. ఘటం మీద చెయ్యి వెయ్యబోతుంటే అత్త మళ్ళీ అడ్డం వచ్చింది.

"అతికించిన కుండలో నీళ్ళు పొయ్యరమ్మా."

డప్పులవాళ్ళు అప్పటికి ఇంకా మొదలెట్టలేదు. అందుకే ఆ మాటా అందరికీ వినపడింది, వదిన మాటా వినపడింది.

"అతికించిందే అత్తా, కాదన్ను. నా ఒంటిది నా ఒంటికే అతికించినారు. మరి నువ్వో? మీ అత్తోరిల్లు ఏ ఊరు? ఏ ఓడెక్కొచ్చి ఇక్కడ అతుక్కున్నారు? మనూరి మట్టి మూటగట్టి తెచ్చి ఇక్కడ పోసీసి, అమ్మోరంటన్నాం. అతుకుల బొంతనే గదా రోజూ మొక్కుతున్నాం. ఆవిడకి లేని అరిష్టం నాకొచ్చిందేటి?"

ఒకరిద్దరు ఆడవాళ్ళు నవ్వు దాచుకున్నారు. అత్త మాత్రం "అమ్మవారిని అంతమాట అంటావా" అని చెంపలేసుకుని, ఘటం తీసి ఇంకొకావిడ నెత్తిన పెట్టేసింది. ఆ మాటలో అమ్మవారికి తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియలేదు. దేశం కాని దేశం వచ్చి ఇక్కడ వేరు పట్టిన తల్లి అని చెప్పడం కంటే పొగడ్త ఏముంది? వదిన ఇంక ఆ వరసలోకి వెళ్ళలేదు. పండగరోజు మాత్రం ఉపవాసం మానలేదు.

ఇప్పుడు మంగళవారం సంగతి.

పోయిన ముత్తయిదువకి స్నానం చేయించే పని ఇంటి ఆడవాళ్ళది. పుట్టింటివాళ్ళు సముద్రానికి అవతల ఉన్నారు, వచ్చేలోగా ఆగదు. కూతుళ్ళు ఏడుస్తూ పడిపోయి ఉన్నారు. పెరట్లో దడి కట్టారు. పసుపు, నలుగు తెచ్చుకుని నేను వెళ్ళేసరికి అక్కడ ఆడవాళ్ళు దడి నిండా ఉన్నారు. ఎన్నడూ వాకిలి తొక్కనివాళ్ళు. నీళ్ళు తోడడానికి ఎవరూ చెంబు పట్టుకోలేదు. అందరూ వదిన పమిట వైపే చూస్తున్నారు. నాకు అర్థమైంది. ఎలా ఉంటుందో చూద్దామని వచ్చారు.

నా జీవితంలో ఎన్నడూ అరవలేదు. అప్పుడు కూడా అరవలేదనుకుంటాను, కానీ అందరూ వెనక్కి అడుగేశారు. "బయటికి వెళ్ళండి" అన్నాను. ఒకావిడ "మేం పరాయివాళ్ళమా" అంది. "అవును" అన్నాను. దడి తలుపు మూసేశాను. బజారులో కూరగాయలమ్మే బెంగాలీ ఆవిడ ఒక మూల నిలబడి ఉంది, వెళ్ళబోయింది. ఆమెని ఉండమన్నాను. వదిన ఒరిగిపోతే పట్టుకున్నది ఆమె. ఇద్దరం కలిసి స్నానం చేయించాం. వీపు మీద పొడుగాటి కుట్టు, ముందు ఆకు ఆకారపు మచ్చ, రెంటికీ పసుపు రాశాను. నలుగు పెట్టాను. దాచవలసినది అక్కడ ఏమీ లేదు. చూసే అర్హత బయటివాళ్ళకి లేదు, అంతే.

చీర కట్టి, గాజులు వేసి, పూలు పెట్టి వాకిట్లోకి తెచ్చాక ముత్తయిదువలు వరసలో నిలబడ్డారు. మీకు తెలిసిందే, సుమంగళిగా పోయిన మనిషి దగ్గర కుంకుమ తీసుకుంటే ఐదవతనం నిలుస్తుందంటారు. కుంకుమ పళ్ళెం నా చేతిలో ఉంది. వరసలో అందరికంటే ముందు అత్త. చెయ్యి చాపింది.

బతికున్నన్నాళ్ళూ ఊరికి అరిష్టం అయిన చెయ్యి, ఊపిరి పోగానే సౌభాగ్యం ఇచ్చే చెయ్యి అయిపోయింది.

నేను పళ్ళెం వెనక్కి తీసుకున్నాను. "అత్తా, మా వదిన నిండు మనిషి. ఆ మాట అని, తీసుకోండి" అన్నాను.

"ఈ సమయంలో ఇవేం మాటలే?"

"ఇంకో సమయం లేదు కదా అత్తా."

ఆవిడ చాపిన చెయ్యి ముడుచుకుని, గోడవారకి వెళ్ళి నిలబడింది. అనలేదు. ఆవిడ వెనకున్న ఆవిడ అంది, గొణిగింది. ఇంకొకావిడ స్పష్టంగా అని, వదిన పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. కొందరు వరస వదిలి వెళ్ళిపోయారు. అన్నవాళ్ళకి కుంకుమ ఇచ్చాను. దేవుడి పేరు మీద ఇచ్చే వస్తువుని అడ్డుపెట్టి మాట అనిపించుకోవడం పాపమని తరవాత ఒకరు నాతో అన్నారు. కావచ్చు. ఆ పాపం నేను మోస్తాను. నా కోపం ఏమీ తగ్గలేదు. నలుగురు అన్నారని చల్లబడే కోపం కాదిది. వినవలసిన మనిషి వినలేదు.

పాడె మీద పడుకోబెట్టి మగవాళ్ళు తాడు కట్టడం మొదలెట్టారు. కాళ్ళ దగ్గర కట్టి, నడుం దగ్గర కట్టి, గుండెల మీదుగా తాడు తిప్పి ఒకాయన మోకాలు ఆనించి బిగించాడు. అంతవరకూ అరుగు మీద రాయిలా కూర్చున్న అన్నయ్య ఒక్కసారి లేచాడు.

"అక్కడ బిగించకండి. ఆవిడకి అక్కడ లాగుద్ది."

నేను ఆ ఆపరేషను మొదలు నుంచి చివరిదాకా పక్కనున్నదాన్ని. అక్కడ లాగుతుందని ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. ఇతనికెప్పుడు చెప్పింది? అతనడిగాడా? అడిగితే, ఆ మనిషి నలుగురిలో ఒక్కసారైనా ఎందుకు నోరు విప్పలేదు? అతని మీద కూడా నా కోపం పోలేదు, పోదు.

తాడు కట్టే ఆయన "వదులైతే దారిలో జారిపోద్ది" అన్నాడు. అన్నయ్య తాడుకీ వదిన ఎడమ రొమ్ముకీ మధ్య తన అరచెయ్యి దూర్చాడు. "ఇప్పుడు కట్టు" అన్నాడు. ఆయన కట్టాడు. తాడు అన్నయ్య చేతి వెనక వైపు ఒరుసుకుంటూ బిగుసుకుంది. నలుగురూ పాడె ఎత్తారు. అన్నయ్య చెయ్యి తియ్యలేదు. పాడెతో పాటు పక్కకి వంగి, ఆ చెయ్యి అలాగే ఆవిడ మీద ఉంచి, జెట్టీ దారిలో మలుపు దాకా నడుచుకుంటూ వెళ్ళాడు.